శిశు ఆరోగ్య విధానాల అమలుపై ఈ ఏటి పని: సభ్యులకు వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

2030 నాటికి ఐదేళ్లలోపు పిల్లల మరణాలు ప్రతి వెయ్యి జననాలకు 25కు మించకూడదని, అందులో మొదటి 28 రోజుల్లోపు మరణాలు 12కు మించకూడదని ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో ఉంది. అందుకు కావలసిన విధానాలు కాగితం మీద చాలావరకు ఉన్నాయి. అవి దెబ్బతినేది టీకాల పెట్టెలో, తూకం దగ్గర, విరేచనాలైన బిడ్డకు పట్టే ఓఆర్‌ఎస్ కలిపే పాత్రలో. అందుకని ఈ ఏడాది ర్యాలీలు, పోస్టర్లు తగ్గించి, ఈ చిన్న పనులు సరిగ్గా జరిగేలా చూడడానికే ఎక్కువ సమయం ఇచ్చాం.

ఎక్కువ శ్రమ టీకాలకే పట్టింది. వాటిని 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. వేడి తగిలితే పాడవుతాయని అందరికీ తెలుసు. గడ్డకట్టినా కొన్ని పాడవుతాయన్న సంగతే మరిచిపోతుంటారు. హెపటైటిస్-బి, పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు కలిపి ఇచ్చే) టీకాల్లో అల్యూమినియం లవణం ఉంటుంది. ఒక్కసారి గడ్డకడితే దాని రేణువులు ముద్దకట్టి, టీకా పనితనం దెబ్బతింటుంది. సీసా మీద ఉండే వీవీఎం గుర్తు (వేడి తగిలేకొద్దీ రంగు మారే చిన్న గుర్తు) వేడిని మాత్రమే పట్టిస్తుంది కనుక, గడ్డకట్టి కరిగిన సీసా మీద కూడా ఆ గుర్తు బాగానే కనిపిస్తుంది. దీనికి విరుగుడు తేలికే. ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్‌ప్యాక్‌ను వెంటనే పెట్టెలో సర్దకుండా కాసేపు బయట ఉంచాలి. ఊపినప్పుడు లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపించాకే సర్దాలి. పొద్దున్నే హడావిడిలో దాటేసేది సరిగ్గా ఈ మెట్టునే. మన వాలంటీర్ల శిక్షణలో దీన్ని చేతులతో చేయించాం.

రెండో చిక్కు నిబంధనలు తెచ్చిపెట్టింది. తట్టు టీకా తరచు పది డోసుల సీసాలో వస్తుంది. ద్రావణం కలిపాక ఆరు గంటల్లోపు, లేదా ఆ పూట టీకాల కార్యక్రమం ముగిసేలోపు, ఏది ముందైతే అప్పటికి వాడేయాలి, మిగిలింది పారేయాలి. వృథా లెక్క అడుగుతారన్న భయంతో, ఒక్క బిడ్డే వస్తే సీసా తెరవకుండా మళ్లీ రమ్మంటారు. ఆ బిడ్డ మళ్లీ వస్తుందన్న నమ్మకం ఏమిటి? ఒక్కరి కోసమైనా సీసా తెరవాలని, అందువల్ల అయ్యే వృథాను తప్పుగా లెక్కకట్టకూడదని మా అభిప్రాయం.

ఓఆర్‌ఎస్ విషయంలో లోపమంతా కొలతలోనే. 2002 నుంచి అమల్లో ఉన్న ఫార్ములాలో లీటరు నీటికి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల ట్రైసోడియం సిట్రేట్ ఉంటాయి. లీటరు ప్యాకెట్‌ను ఒక గ్లాసు నీళ్లలో కలిపితే ఉప్పు కొన్ని రెట్లు చిక్కబడి, అసలే నీరు కోల్పోయిన బిడ్డకు ప్రమాదమవుతుంది. ప్యాకెట్‌ను సగం సగం వాడినా కొలత తప్పుతుంది, ఎందుకంటే పొడి అంతా సమంగా కలిసి ఉండదు. అందుకే ప్యాకెట్‌తో పాటు లీటరు గీత గీసిన పాత్ర కూడా ఇవ్వాలని కోరాం. కలిపినది 24 గంటలు దాటితే పారబోయాలి. జింక్ మాత్రలు 10 నుంచి 14 రోజులు వేయాలి. విరేచనాలు ఆగగానే మానేయడమే ఎక్కువ చోట్ల జరుగుతున్న పొరపాటు.

తూకాలు, కొలతల మీద శిక్షణ క్లుప్తంగానే సాగింది. తూకం మొదలుపెట్టే ముందు ముల్లు సున్నా మీద ఉందో లేదో చూడాలి, తెలిసిన బరువు పెట్టి సరిచూడాలి. రెండేళ్లలోపు పిల్లల్ని పడుకోబెట్టి, ఆపైవారిని నిలబెట్టి కొలవాలి. ఈ రెండు పద్ధతులకూ మధ్య సుమారు 0.7 సెంటీమీటరు తేడా వస్తుంది. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లలకు జబ్బ చుట్టుకొలత 115 మిల్లీమీటర్ల కన్నా తక్కువైతే అది తీవ్ర పోషకాహార లోపం. టేపు బిగించి లాగితే ఆరోగ్యంగా ఉన్న బిడ్డ కూడా ఈ జాబితాలోకి వస్తుంది, వదులుగా పెడితే నిజంగా చిక్కిపోయిన బిడ్డ జారిపోతుంది.

తల్లిపాల సంగతిలో మాత్రం శిక్షణలతో ఒరిగేది తక్కువ. మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా వద్దని చెబుతాం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000 నాటి ఒప్పందంలోని కనీస ప్రసూతి సెలవు 14 వారాలే. ఆరు నెలలంటే 26 వారాలు. మిగతా 12 వారాలు తల్లి ఎలా పట్టించాలో సలహా ఇచ్చేవారు చెప్పరు. సెలవు పెంచడమే అసలు పరిష్కారం. అది వచ్చేదాకా పని చేసే చోట తలుపు ఉన్న గది, చేతులు కడుక్కునే చోటు, ఫ్రిజ్, పాలు పిండుకోవడానికి జీతం కోత లేని విరామం కావాలి. పిండిన పాలు 25 డిగ్రీలకు మించని గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిల్వ ఉంటాయి. డబ్బా పాల ప్రచారాన్ని కట్టడి చేసే 1981 నాటి అంతర్జాతీయ నియమావళిని శిశు సంరక్షణ శిబిరాలకూ వర్తింపజేస్తూ, ఆ కంపెనీల విరాళాలు, నమూనాలు తీసుకోరాదని కార్యవర్గం తీర్మానించింది.

వచ్చే ఏడాది ఆరోగ్య శాఖకు ఇచ్చే వినతిపత్రంలో మూడు అంశాలుంటాయి: సీసా తెరవడంపై స్పష్టమైన ఆదేశం, లీటరు పాత్రల సరఫరా, తూకాలకు ఏటా తనిఖీ. ముసాయిదా ఈ నివేదికకు జతచేశాం. సవరణలుంటే సర్వసభ్య సమావేశానికి వారం ముందుగా కార్యదర్శికి రాతపూర్వకంగా అందజేయగలరు.