చెట్టు తీసేశానమ్మా

జనవరి 10, రాత్రి

అమ్మా,

నీకూ నాన్నకూ ప్రభువు నామంలో వందనాలు. నేను బాగున్నాను. జలుబు తగ్గింది, నువ్వు అడిగేలోపే చెప్పేస్తున్నా. ఆఫీసు ఎప్పటిలాగే ఉంది, దాని గురించి రాసి కాగితం దండగ చెయ్యను.

ఫోనుండగా ఉత్తరమేమిటని నాన్న అంటారు, అననీ. ఫోన్లో అయితే నువ్వు స్పీకరు పెట్టేస్తావు. నీకు రెండు మాటలు చెప్పాలి. ఒకటి నాన్న వినకూడదు. రెండోది వినొచ్చు గానీ ముందు నువ్వు వినాలి. కాస్త ఓపిక పట్టు, ముందు క్రిస్మస్ చెట్టు సంగతి రాయనీ.

ఇవాళ తీసేశాను. బాల యేసుని చూడ్డానికి జ్ఞానులు వచ్చిపోయేదాకా బొమ్మల పశువుల తొట్టి కదపకూడదని నువ్వనే మాట మీద ఆరో తారీఖు దాకా ఆగాను. ఆ తర్వాత నాలుగు రోజులు ఆగింది మాత్రం బద్ధకంతోనే, భక్తితో కాదు. పొద్దున తలుపుకి తాళం వేస్తూ ‘సాయంత్రం తీసేద్దాం’ అనుకోవడం, సాయంత్రం వచ్చి లైట్లు వేసుకుని దాని ముందే కూలబడడం. చీకటింట్లోకి అడుగు పెట్టడం కంటే నయం కదా. అయినా పండగ దాటాక వెలుగుతున్న చెట్టుని చూస్తే జాలేస్తుంది. పెళ్ళివారు వెళ్ళిపోయినా విప్పని పందిరిలా ఉంటుంది.

ఒక్కదానివే తీశావా అంటావు. ఒక్కదాన్నే కట్టాను, ఒక్కదాన్నే తీశాను. అందులో దిగులు పడడానికేముంది? పాటలు పెట్టుకున్నాను, కిటికీ తెర తీసుకున్నాను, మధ్యాహ్నానికల్లా సగం అయిపోయింది. నువ్వు ఊహించుకునేంత దీనంగా ఏం లేనమ్మా.

పోయినేడు చేసిన ఘనకార్యం నీకు చెప్పలేదు. అన్నీ న్యూస్‌పేపర్లో చుట్టి ఒకే అట్టపెట్టెలో కుక్కి అటక మీద పడేశాను. మొన్న డిసెంబరులో తీసి చూద్దును కదా, తెల్ల బంతుల మీద అక్షరాలు అచ్చయి ఉన్నాయి, అద్దంలో చూసినట్టు తిరగబడి. ఒకదాని మీద వాతావరణ సూచన చదవగలిగాను కూడా. అటక ఎండాకాలంలో పెనంలా కాలుతుందని నాకేం తెలుసు? మైనం దేవదూత కరిగి, పక్కనున్న రెండు బంగారు రంగు బంతుల్ని కావలించుకుని గడ్డకట్టింది. రెక్కలు మాత్రం మిగిలాయి. పారెయ్యడానికి మనసొప్పక ఈ ఏడు కూడా కట్టాను, గోడవైపు, ఎవరికీ కనబడకుండా.

అందుకే ఈసారి పద్ధతిగా చేశాను. ముందు చెట్టుని నాలుగు వైపులా ఫొటోలు తీశాను, వచ్చే ఏడు ఏది ఎక్కడో అని బుర్ర గోక్కోకుండా. గాజువి ముందు తియ్యాలి, తర్వాత దండలు, లైట్లు చివర. కట్టిన వరసకి తిరగేసి అన్నమాట. గాజు బంతిని పైనున్న టోపీ పట్టుకుని లాగకూడదు. ఆ టోపీ లోపల రెండు తీగ కాళ్ళ మీదే నిలబడుతుంది, అది ఊడిందా బంతి నేల మీదే. కింద అరచెయ్యి పెట్టి, పసిపిల్ల తల పట్టుకున్నట్టు పట్టుకుని దించాలి. జర్మనీలో లౌషా అనే ఊళ్ళో 19వ శతాబ్దం నుంచి ఈ గాజు బంతులు ఊదుతున్నారట, వెండి పూత లోపలివైపు పోస్తారు. పూత లోపలుంది కదా, తడి తగిలితే ఏమవుతుందిలే అనుకున్నాను ఇన్నాళ్ళూ. టోపీ సందులోంచి చెమ్మ దూరితే లోపల్నుంచే నల్లమచ్చలు పడతాయి. కాబట్టి అటకా వద్దు, నేలమాళిగా వద్దని నా మంచం కిందే పెట్టుకున్నాను. నేను పడుకునే గది గాలి నాకు పడితే వాటికీ పడుతుంది.

చుట్టడానికి ఆమ్లం లేని టిష్యూ కాగితం, రంగు లేనిది. రంగుదైతే చెమ్మకి రంగు దిగుతుంది. చిన్నవి గుడ్ల అట్టల గుంటల్లో పెట్టాను, సరిగ్గా సరిపోయాయి. బరువైనవి అడుగున, తేలికవి పైన. కొత్త బూట్ల డబ్బాల్లో వస్తాయే సిలికా జెల్ పొట్లాలు, అవి ఏడాదంతా దాచాను, నువ్వు కవర్లు దాచినట్టే. పెట్టెకి రెండు వేశాను.

నీ కలరా ఉండలు వెయ్యలేదు. కోప్పడకు. వాటి ఆవిరికి థర్మోకోల్ మెత్తబడిపోతుందట. మనింట్లో థర్మోకోల్ గంట ఒక ఏడు గుంటలు పడి బయటికొచ్చింది, గుర్తుందా? తమ్ముడే గోటితో గిల్లాడని వీపు మీద రెండు వేశావు. ఆ పాపం కలరా ఉండది. వాడికి ఇప్పుడు క్షమాపణ చెప్పక్కర్లేదులే, చెబితే నెత్తికెక్కుతాడు.

రబ్బరు బ్యాండ్లు కూడా వెయ్యకు. ఏడాదికి జీడిలా సాగి అంటుకుపోతాయి. నువ్వు పంపిన పాత చీర అంచులు ఎందుకు పనికొస్తాయా అనుకున్నాను. చెట్టు కొమ్మలన్నీ పైకి మడిచి, ఆ అంచులతో మూడుచోట్ల బిగించి కట్టాను. కొన్నప్పటి డబ్బాలోకి ఏ చెట్టూ తిరిగి పట్టదు, అది లోకంలో ఎవరికీ జరగని పని. నీ ఆకుపచ్చ అంచు కట్టుకుని గది మూల నిలబడ్డ చెట్టుని చూస్తే, ఫంక్షనుకి తయారై ఆటో కోసం ఎదురు చూస్తున్న మీ చిన్నక్కలా ఉంది. ఈ మాట పెద్దమ్మతో అనకు.

లైట్ల దగ్గర మాత్రం కాస్త తడబడ్డాను. తీగ విప్పుతూ, ‘ఈ కొస పట్టుకో’ అంటూ వెనక్కి చెయ్యి చాపాను. అలవాటు. కాసేపు అలాగే చాపి ఉంచాననుకుంటా. తర్వాత ఆ కొసని కుర్చీ వీపుకి కట్టి పని కానిచ్చాను. నాన్న చుట్టినట్టే చుట్టాను, అట్టముక్కకి రెండు పక్కలా గాటు పెట్టి, కొస ఒక గాటులో ఇరికించి, మధ్యలో మెలిక పడకుండా. ప్లగ్గు బయటికుండాలి, విప్పకుండానే వెలుగుతున్నాయో లేదో చూసుకోవచ్చు. చిన్నప్పుడు ఈ అట్టల్ని చూసి ఎంత నవ్వేవాళ్ళం! ఇప్పుడు చూడు.

నాన్నకి చెప్పు, సంతోషిస్తారు: చెట్టుకి మొదట కరెంటు బల్బులు చుట్టినాయన ఎడిసన్ దగ్గర పనిచేసిన ఎడ్వర్డ్ జాన్సన్. 1882, న్యూయార్క్. ఎరుపు, తెలుపు, నీలం కలిపి 80 బల్బులు, పైగా చెట్టే గుండ్రంగా తిరిగేదట. పండగయ్యాక ఆ 80 బల్బుల తీగ చిక్కులు విప్పిందెవరో గానీ ఆవిడకి నా సానుభూతి.

ఇంకోటి కూడా చెప్పు. మన పాత సీరియల్ సెట్లో ఒక్క బల్బు పోతే వరసంతా ఆరిపోయేది కదా, నాన్న రాత్రి పదకొండింటిదాకా ఒక్కో బల్బూ పీకి చూసేవారు. తర్వాత వచ్చిన చిన్న బల్బుల్లో ఫిలమెంటు కింద సన్నటి తీగ చుట్ట ఒకటి పెట్టారు. ఒకటి పోయినా కరెంటు ఆ చుట్ట గుండా దాటిపోతుంది, మిగతావి వెలుగుతాయి. కాకపోతే పోయినదాని వంతు వోల్టేజీ మిగతావాటి మీద పడుతుంది. బయటికి బాగానే కనబడతాయి, ఇంకా కాస్త ఎక్కువగా వెలుగుతాయి కూడా, కానీ తొందరగా మాడిపోతాయి. అందుకే పోయినదాన్ని వెంటనే మార్చాలి.

తమ్ముడు ఎలా ఉన్నాడు? మొన్న ఫోన్లో అన్నీ నేను చూసుకుంటున్నాలే అక్కా అన్నాడు. గొంతు అలిసినట్టుంది.

సరే, ఇప్పుడు నాన్న వినకూడని మాట. నువ్వు మొన్న ఫొటో పంపావు, అలంకరణ పెట్టె మూత చూడు అని. మూత చూశాను. మూత వెనకాల, ఫొటో కుడి మూలన, మన స్టూలు ఉంది. స్టూలు మీద రెండు పాదాలున్నాయి. మడమలు పైకి లేచి ఉన్నాయి. అంటే మునివేళ్ళ మీద నిలబడి స్టార్ తీస్తున్నారు. ఆ పాదాలు ఎవరివో నాకు తెలుసమ్మా. ‘నాన్నని ఎక్కనివ్వడంలేదు, తమ్ముడే చేస్తున్నాడు’ అని నాతో అన్నావు.

ఆ మోకాలితో ఆ స్టూలు! దాని ఒక కాలు కింద అట్టముక్క పెడితే గానీ నిలబడదు. ఆ ఫొటో చూసినప్పటి నుంచి ఎన్నిసార్లు పెద్దది చేసి చూశానో లెక్కలేదు. నువ్వు పక్కన పట్టుకోకుండా ఫొటో తీస్తున్నావు, అదొకటి.

నువ్వు ఏమంటావో తెలుసు. నువ్వుంటే ఆయనకి ఎక్కే పనేముంది అంటావు. లేదు, అనవు. అనకుండా ‘సరేలే, నీ ఆరోగ్యం చూసుకో’ అంటావు. అది అన్నదానికంటే ఎక్కువ. ఈ ఏడు ఎందుకు రాలేదో నీకు చెప్పాను, మళ్ళీ రాయను. సెలవు అడిగాను, ఇవ్వలేదు, అంతే.

నువ్వూ కుర్చీ ఎక్కలేదా అనకు. నేను నిచ్చెన ఎక్కాను, మూడు మెట్లది, నాలుగు కాళ్ళూ సమానంగా ఉన్నది.

వచ్చే ఏటికి ఒక పని చేయించు. దూలానికి కొక్కెం కొట్టించి చిన్న కప్పీ తగిలించండి. తాడు కట్టి స్టార్‌ని కిందనుంచే లాగడం, కిందనుంచే దించడం. తమ్ముడికి అరగంట పని. నేనన్నానని నాన్నతో అనకు, ముఖం మాడ్చుకుంటారు. కప్పీ బిగిస్తే ఎలా ఉంటుందండీ అని నువ్వే అడుగు, ఆయనకే ఆలోచన వచ్చినట్టు మాట్లాడు. ఆ విద్య నీకు నేను నేర్పాలా?

ఇక రెండోది. ఆ మూత.

మూత లోపల నాన్న పెన్సిలుతో ఏటా రాసుకునే జాబితా అక్కడ ఉన్నన్నాళ్ళూ సరిగ్గా చదవలేదు. ‘సీరియల్ సెట్లు 3, ఒకటి పోయింది. స్టార్ కాగితం చిరిగింది, అతికించాను.’ ఇలా ఉంటాయనుకున్నాను. ఫొటోలో కింద వరసగా చదివితే ఆరేళ్ళ నుంచీ చివరి మాట ఒకటే. ‘గొర్రె 1 తక్కువ. వెతకాలి.’ ఆరుసార్లు. ఒక ఏడు ‘వెతకాలి’ కింద గీత కూడా గీశారు.

అమ్మా, ఆ గొర్రె నా దగ్గరుంది.

వచ్చేటప్పుడు మేజోడులో చుట్టి సూట్‌కేసులో పెట్టుకున్నాను. అడిగితే ఇచ్చేవాళ్ళే, అది తెలుసు. అడగాలనిపించలేదు. నాలుగో తరగతిలో నేను పడేస్తే చెవి విరిగింది చూడు, నాన్న అతికించి తెల్లరంగు లేదని పసుపురంగు పూశారే, అదే. ఇక్కడ నేను కొన్న తొట్టి చిన్నది, బొమ్మలన్నీ బొటనవేలంత. మన గొర్రె యోసేపు కంటే ఎత్తు, ఒంటె కంటే లావు. చూసినవాళ్ళంతా ఇదేంటని అడుగుతారు, మా ఊరి జాతి అంటాను.

తొంభై తొమ్మిదింటినీ వదిలి తప్పిపోయిన ఒక్కదాని కోసం వెళ్ళిన కాపరి కథ ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. నాన్న ప్రతి జనవరిలో బీరువా కిందా, మంచం కిందా టార్చిలైటు వేసి చూస్తుంటే ‘మట్టిబొమ్మ కోసం ఎందుకండీ’ అని నువ్వు విసుక్కోవడం ఫోన్లో వింటూ కూడా నోరు మెదపలేదు. మొదటి ఏడు చెప్పేస్తే తమాషాగా పోయేది. రెండో ఏడు సిగ్గేసింది. ఆ తర్వాత అదే అలవాటైంది.

పెట్టెలు మొత్తం నాలుగు, అంకెలు వేశాను, దేంట్లో ఏముందో మూత లోపల రాశాను. ఒకటో పెట్టెలో డిసెంబరులో ముందు కావాల్సినవి: లైట్లు, కొక్కేలు, పొడుగు వైరు, తొట్టి. గొర్రెని కూడా చుట్టి అందులోనే పెట్టాను. అరగంట తర్వాత మళ్ళీ తీశాను. ఇప్పుడు ఈ కాగితం ఎగరకుండా దాన్నే బరువు పెట్టి రాస్తున్నాను. పసుపు చెవి నావైపే ఉంది.

నాన్నకి నువ్వే చెప్పు. కప్పీ మాట ముందు, గొర్రె మాట తర్వాత. తర్వాత నాకు రాయి, పార్సిల్లో పంపనా, లేక నేనే పట్టుకురానా? పార్సిల్లో రెండో చెవి కూడా ఊడుతుందని నా భయం. పట్టుకురమ్మంటే డిసెంబరు సెలవు ఈ నెలలోనే పెట్టాలి, అందరికంటే ముందు. అందుకే అడుగుతున్నా. ఒకటో పెట్టెకి ఇంకా టేపు వెయ్యలేదు.

ఉంటాను.
నీ చిట్టి

తా.క. తొట్టిలోని చిన్న దీపంలో బ్యాటరీలు తీసేశారా? ఏడాది అలాగే ఉంచితే కారి తెల్లగా పొడి కట్టి తీగల్ని తినేస్తాయి. తొట్టి నేల మీదే ఉంటుంది కాబట్టి ఈ పని నాన్నకి ఇవ్వు.