వాట్లు కూడా రాయండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ టెక్ పేజీలో సరదాగా గేములు ఆడుకోడానికి తక్కువ బడ్జెట్ ల్యాప్‌టాప్‌లు అని ఒక టేబుల్ వేశారు కదండీ, దాని గురించే ఈ ఉత్తరం. ప్రాసెసర్ ఐ5, ర్యామ్ 16, ఎస్ఎస్‌డీ 512, గ్రాఫిక్స్ ఆర్‌టీఎక్స్, ప్రతి వరసలోనూ ఇంతే. ఇదంతా డబ్బా మీద స్టిక్కర్లో ఉండేదే, షాపుకెళ్తే సేల్స్ కుర్రాడు కూడా గుక్కతిప్పుకోకుండా ఇదే అప్పజెప్తాడు. కొన్నాక తేడా ఎక్కడ తెలుస్తుందో ఆ విషయాలు మాత్రం స్టిక్కర్లోనూ లేవు, మీ టేబుల్లోనూ లేవు.

ముందు గేము బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు సంగతి చూడండి. ల్యాప్‌టాప్‌లో వచ్చే ఆర్‌టీఎక్స్ 4050 అన్నీ ఒకటి కాదు. అది లాక్కునే కరెంటుని 35 వాట్ల నించి 115 వాట్ల దాకా ఎంతకైనా పెట్టుకోమని ఆ కార్డు చేసే ఎన్‌విడియా వాళ్లే ల్యాప్‌టాప్ కంపెనీలకి వదిలేశారు, ఆర్‌టీఎక్స్ 3050 ఐతే 35 నించి 80. వాట్లు తగ్గితే గేము వేగమూ తగ్గుతుంది. సన్నగా నాజూగ్గా ఉండే బాడీలో వేడి బయటకి పోయే దారుండదు కాబట్టి వాట్లు తగ్గించి పెడతారు, లావుపాటి బాడీ, పెద్ద ఫ్యాన్లు ఉన్నదాంట్లో పూర్తిగా వదిలేస్తారు, కానీ పేరు రెండిటికీ అదే, మీ టేబుల్లో రెండూ పక్కపక్కనే, చదివేవాడు ఏదైనా ఒకటేలే అనుకుని చూడ్డానికి బాగున్నది తెచ్చుకుంటాడు, తీరా ఆడితే పేరు గొప్ప ఊరు దిబ్బ. ఇంతకుముందు తక్కువ కరెంటుతో నడిచే రకానికి పేరు చివర మ్యాక్స్-క్యూ అని ఒక తోక ఉండేది, కనీసం దాన్నిబట్టి పోల్చుకునేవాళ్లం, 2021లో ఎన్‌విడియా 30 సిరీస్ కార్డులు వచ్చినప్పట్నించి ఆ తోకా పోయింది. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే మ్యాక్సిమమ్ గ్రాఫిక్స్ పవర్ అని ఒక లైను కనిపిస్తుంది, అందులో ఉంటుంది అసలు నంబరు. షాపులో డెమో పీసు పెట్టుంటే మొహమాటపడకుండా అక్కడే తెరిపించి చూసుకోవచ్చు, ఆన్‌లైన్‌లో కొనేవాడు ఎక్కడ తెరుస్తాడు చెప్పండి?

ఇక ర్యామ్. 16 జీబీ అని రాస్తే సరిపోదండీ, అది ఒక్క స్టిక్కా రెండు స్టిక్కులా అన్నది కూడా రాయాలి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో గేము బొమ్మలకి కావాల్సిన మెమరీ కూడా ఈ ర్యామ్ లోంచే తీసుకుంటుంది, ఒక్క స్టిక్ ఉంటే డేటా వచ్చిపోయే దారి 64 బిట్లు, రెండుంటే 128. మా మేనల్లుడి ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ ఇంటెల్ ఐ5-1235యూ, దాని లోపలుండే గ్రాఫిక్స్ ఐరిస్ ఎక్స్ఈ అని చెప్పి అమ్మారు, డివైస్ మేనేజర్‌లో చూస్తే యూహెచ్‌డీ అని తక్కువ రకం పేరు ఉంది, షాపు వాడు మోసం చేశాడని వాడు ఒకటే గోల. టాస్క్ మేనేజర్ తెరిచి పర్ఫామెన్స్‌లో మెమరీ మీద నొక్కితే కింద స్లాట్స్ యూజ్డ్ దగ్గర 2లో 1 అని చూపించింది. రెండో స్లాట్‌లో అదే రకం స్టిక్ పెట్టించాక మళ్లీ ఆన్ చేస్తే అదే చిప్పు ఐరిస్ ఎక్స్ఈ అని కనిపిస్తోంది, "మామయ్యా, దీని పేరే మారిపోయిందేంటి" అన్నాడు. రెండు దారులూ నిండితేనే ఇంటెల్ ఆ పేరు చూపిస్తుంది, లేకపోతే ఉత్త యూహెచ్‌డీయే. పేరొక్కటే కాదు, అంతకుముందు ఆగి ఆగి కదిలిన గేము ఇప్పుడు సాఫీగా నడుస్తోంది. ఐతే ఇది స్లాట్ ఖాళీగా ఉంటేనే కుదిరే పని, ఎల్‌పీడీడీఆర్5 రకం ర్యామ్ అని రాసుంటే అది దాదాపు ఎప్పుడూ బోర్డుకే అతికించి వస్తుంది, 8 జీబీతో కొంటే చచ్చేదాకా 8 జీబీయే. మీ టేబుల్లో ఈ రెండు రకాలూ కలిపేశారు.

ఇంటెల్‌కి పోటీగా ప్రాసెసర్లు చేసే ఏఎండీ వైపు వస్తే ఇంకో తమాషా. రైజెన్ 5 7520యూ, 7530యూ, 7640హెచ్ఎస్, చూడ్డానికి మూడూ 7 వేల సిరీసే, అన్నీ కొత్తవే అనిపిస్తాయి. ఆ నంబర్లో మూడో అంకె చూడాలి. 2 ఉంటే లోపలున్నది జెన్ 2, అంటే మొదట 2019లో వచ్చిన డిజైన్, 3 ఉంటే జెన్ 3, 4 ఉంటే జెన్ 4. 7520యూలో ఉండే రేడియాన్ 610ఎమ్‌కి గ్రాఫిక్స్ యూనిట్లు రెండంటే రెండే, ఆఫీసు పనికి ఓకే, గేములకి మాత్రం వద్దనే చెప్తాను. 7640హెచ్ఎస్‌లో 8 ఉంటాయి, దాంతో విడిగా కార్డు లేకపోయినా చాలావరకు గడిచిపోతుంది. మీరు ఈ మూడిటికీ కలిపి రైజెన్ 5 అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు.

ఇంకోటి, ప్రాసెసర్ నంబరు చివర హెచ్ అని ఉంటే గేమింగ్‌కి, యూ అని ఉంటే ఆఫీసుకి అని కూడా రాశారు. ప్రాసెసర్ బలం వరకు నిజమే, కానీ ఐ5-12450హెచ్ లోపలుండే గ్రాఫిక్స్‌లో యూనిట్లు 48, ఐ5-1235యూలో 80. విడి కార్డు లేకుండా అమ్మే మోడల్ ఐతే రెండు స్టిక్కులున్న యూ రకమే ఆటలకి నయం. హెచ్ చూసి ఎక్కువ పెట్టి కొన్నవాడు వెనకబడతాడు.

అసలు సరదాగా ఆడేవాళ్లలో చాలామందికి కార్డే అక్కర్లేదని నా అభిప్రాయం. వాలరెంట్, మైన్‌క్రాఫ్ట్, రాకెట్ లీగ్, పీసీలో 2015లో వచ్చిన జీటీఏ 5, వీళ్లు ఆడేవి ఇవే, సెట్టింగ్‌లు కాస్త తగ్గించుకుంటే ప్రాసెసర్ లోపలే ఉండే మంచి ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ మీదే నడుస్తాయి. కార్డు ఉన్న మోడల్‌కి ఎక్కువ డబ్బులు పోసి స్క్రీను, ర్యామ్ దగ్గర కక్కుర్తి పడితే రోజూ చూసేది ఆ వెలిసిపోయిన స్క్రీనే కదా. స్క్రీను ఎన్ని రంగులు చూపిస్తుందో చెప్పే కొలత 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని స్పెక్స్‌లో ఉంటే అదే ఆ వెలిసిపోయిన రకం అని తెలుసుకోవాలి, పక్కన 144 హెర్ట్జ్ (సెకనుకి 144 సార్లు బొమ్మ మారుతుంది) అని ఎంత పెద్దక్షరాలతో రాసినా సరే. స్టోరేజ్ సంగతి, కౌంటర్ స్ట్రైక్ 2 ఒక్కదానికే 85 జీబీ అడుగుతుంది, విండోసూ ఇంకో రెండు గేములూ వేస్తే 512లో మిగిలేది ఎంతో చూసుకోండి, రెండో ఎస్ఎస్‌డీ పెట్టుకోడానికి స్లాట్ ఉందో లేదో రాస్తే బాగుండేది.

బ్యాటరీ ఎన్ని గంటలొస్తుందో మాత్రం ప్రతి మోడల్‌కీ రాశారు. అవి వీడియో చూస్తే వచ్చే గంటలు. కార్డున్న ల్యాప్‌టాప్‌లో ఛార్జర్ పీకి గేము ఆడితే వాట్లు బాగా పడిపోతాయి, కాలేజీకి మోసుకెళ్లి అక్కడ ఆడదామనుకునే పిల్లలకి ఇది ముందే చెప్పాలి, ఆ ఇటుక లాంటి ఛార్జర్ బరువు కూడా కలిపి చెప్పాలి.

కాబట్టి ఈసారి టేబుల్ వేసినప్పుడు కార్డు ఎన్ని వాట్లు, ర్యామ్ ఎన్ని స్టిక్కులు, అతికించిందా కాదా, ప్రాసెసర్ పూర్తి నంబరు, ఇవి వేయండి. ఏ కంపెనీ అయినా వాట్లు చెప్పనంటే ఆ గడిలో చెప్పలేదు అనే రాయండి, అది కూడా మాకు పనికొచ్చే సమాచారమే. పేజీలో జాగా లేదంటారేమో, ప్రతి ల్యాప్‌టాప్‌కీ కీబోర్డు కింద రంగురంగుల లైట్లు వెలుగుతున్న ఫొటో ఒకటి వేశారు, అవి తీసేస్తే ఈ నాలుగు కాలమ్‌లూ హాయిగా పట్టేస్తాయి.

ఇట్లు,
మీ పాఠకుడు