బడిలో ప్రార్థనకు ముందు సమ్మతి: విద్యాశాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో చాలాకాలం సాంఘిక శాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. మీకు వచ్చే వినతుల్లో బదిలీలు, బకాయిలే ఎక్కువగా ఉంటాయని తెలుసు. నేను కోరేది ఒక్క సర్క్యులర్. దానికి ఖజానా నుంచి పైసా తీయనక్కరలేదు.

నేను పనిచేసిన ఒక బడిలో వినాయక చవితికి తరగతి లీడరు చందా వసూలు చేసేవాడు. ఇచ్చినవాళ్ళ పేర్లు నోటుపుస్తకంలో ఉండేవి. ఇవ్వనివాళ్ళ పేర్లు నల్లబల్ల మీద, కుడివైపు పైమూల, తేదీ కింద ఉండేవి. పాఠం మొదలుపెడుతూ బల్ల తుడవబోతే, ఆ మూల మాత్రం తుడవవద్దని పిల్లలే అనేవారు. అందులో డబ్బు లేక ఇవ్వనివాళ్ళు ఉండేవారు, ఇంట్లో వద్దన్నందుకు ఇవ్వనివాళ్ళూ ఉండేవారు. బల్ల మీద మాత్రం అందరూ బాకీదార్లే. ఏదైనా ఒక మతాన్ని ప్రోత్సహించడానికి ప్రత్యేకించిన పన్నును ఎవరిచేతా బలవంతంగా కట్టించకూడదని రాజ్యాంగం 27వ అధికరణం చెబుతోంది. చందా పన్ను కాదు, ఒప్పుకుంటాను. కానీ తహసీల్దారు నోటీసుకైనా గడువు ఉంటుంది, పేరు నలుగురిలో పడదు.

ఇది ఒక మతం మీద ఫిర్యాదుగా తీసుకోకండి. అయ్యప్ప మాల వేసుకున్న పిల్లవాడిని యూనిఫాం పేరు చెప్పి గేటు దగ్గరే ఆపేయడం, తల్లిదండ్రులు వచ్చి బైఠాయించడం, సాయంత్రానికి పెద్దమనుషులు రాజీ కుదర్చడం మనం వార్తల్లో చూస్తూనే ఉన్నాం. మిషనరీ బడి అయితే, మాల తీసిన తర్వాత కూడా ఆ పిల్లవాడు ఉదయం ప్రార్థనకు అందరితో పాటు తల వంచాల్సిందే. బడి ఎవరిదైనా ఇబ్బందిపడేది మాత్రం అక్కడ తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్ళ పిల్లలు.

28వ అధికరణం మొదటి క్లాజు ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధన ఉండకూడదు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న, లేదా సాయం పొందే సంస్థల సంగతి మూడో క్లాజులో ఉంది. అక్కడ జరిగే మతబోధనలో గానీ ఆరాధనలో గానీ పాల్గొని తీరాలని ఎవరినీ ఒత్తిడి చేయకూడదు. మైనర్ అయితే సంరక్షకుడి సమ్మతి ఉండాలి. అంటే ముందు సమ్మతి, ఆ తర్వాతే ప్రార్థన. మన బడుల్లో వరస తలకిందులైంది. “ఎవరికైనా అభ్యంతరం ఉంటే పక్కకు వచ్చి నిలబడండి” అని మైకులో ప్రకటిస్తారు. బడి బడంతా చూస్తుండగా, పీఈటీ ఈల పట్టుకుని ఎదురుగా నిలబడి ఉండగా, ఏడో తరగతి అమ్మాయి ఒంటరిగా లైను దాటి బయటికి వస్తుందా? కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతుంది. దాన్ని మనం సమ్మతి కింద జమ వేసుకుంటున్నాం.

మొదటి క్లాజులో ఉన్నది ‘బోధన’ కదా, ప్రార్థనకు అది వర్తించదని మీ అధికారులు అనవచ్చు. కేంద్రీయ విద్యాలయాల ఉదయపు ప్రార్థనపై వచ్చిన వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం 2019లో విస్తృత ధర్మాసనానికి నివేదించింది. ఆ చిక్కుముడి న్యాయమూర్తులే విప్పాలి. మీరు చేయాల్సిన పనికి మాత్రం దారి 1986లోనే పడింది.

కేరళలో యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబంలోని ముగ్గురు పిల్లలు జాతీయగీతానికి లేచి నిలబడేవారు, కానీ తమ మతం ఒప్పుకోదన్న నమ్మకంతో పాడేవారు కాదు. 1985 జూలైలో వారిని బడి నుంచి పంపేశారు. హైకోర్టు వారి మొర ఆలకించలేదు. మరుసటి ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు వారిని తిరిగి చేర్చుకోమని ఆదేశించింది. తీర్పు రాసినది మన తెలుగువాడే, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. గౌరవంగా లేచి నిలబడినవాళ్ళు పాడనంత మాత్రాన అగౌరవపరిచినట్టు కాదన్నారు. ఆ నమ్మకం మనకు వింతగా అనిపించినా సరే, వాళ్ళు దాన్ని మనస్ఫూర్తిగా పాటిస్తుంటే 25వ అధికరణం రక్షణ ఉంటుందన్నారు. సాక్షాత్తూ జాతీయగీతం దగ్గరే మౌనంగా ఉండే హక్కు ఉన్నప్పుడు, దేవుడి ప్రార్థన దగ్గర లేకుండా ఎలా పోతుంది?

“అన్ని మతాల ప్రార్థనలూ చేయిస్తున్నాం, అన్ని పండుగలూ జరుపుతున్నాం” అనే జవాబు నాకు ఎప్పుడూ నచ్చలేదు. మూడు ప్రార్థనలు చేయిస్తే నాలుగో ఇంటి పిల్లకు మూడింతల ఇబ్బంది. ఏ దేవుడినీ కొలవని ఇళ్ళు కూడా ఉన్నాయి. వాళ్ళ పన్నులతో కూడా ఆ గోడలు లేచాయి.

నేను ప్రభుత్వానికీ మతానికీ మధ్య గోడ కట్టమనడం లేదు. దేవదాయశాఖ, వక్ఫ్ బోర్డు ఉన్న రాష్ట్రంలో అలా అడిగితే నవ్వుతారు. అమెరికా సుప్రీంకోర్టు 1962లో, ఏ ఒక్క మతానికీ చెందని ప్రార్థనను కూడా ప్రభుత్వ బడుల్లో అధికారికంగా చదివించకూడదంది. ఇష్టం లేనివాళ్ళు ఊరుకోవచ్చన్న వెసులుబాటు ఉన్నా ఒప్పుకోలేదు. నేను అడిగేది అంతకంటే చాలా తక్కువ. పాఠాల్లో మతాల గురించి చెప్పవద్దని కూడా అనను. మతాల గురించి తెలియజెప్పడం వేరు, మతబోధన వేరని 2002లో సుప్రీంకోర్టే చెప్పింది. ఇంకా బాగా చెప్పాలనే నా కోరిక. పక్కింటివాళ్ళు ఉపవాసం ఎందుకుంటారో తెలియని పిల్లలు చాలామంది ఉన్నారు.

సర్క్యులర్‌లో ఇవి ఉంటే చాలు. పిల్లల్ని ఆరాధనలో పాల్గొనేలా చేయాలంటే తల్లిదండ్రుల రాతపూర్వక సమ్మతి ముందే ఉండాలి. సమ్మతి లేని పిల్లలు ప్రార్థన ముగిశాక అసెంబ్లీకి రావచ్చు, ఆలస్యం కింద రాయకూడదు. మతపరమైన చందాలు బడి ఆవరణలో వసూలు చేయకూడదు. మాల వేసుకున్నందుకో, తలకు గుడ్డ కట్టుకున్నందుకో, బొట్టు పెట్టుకున్నందుకో, పెట్టుకోనందుకో ఎవరినీ గేటు బయట నిలబెట్టకూడదు. ఈ చివరిదానికి యూనిఫాం నిబంధనలు అడ్డు వస్తాయంటారు. వాటిని సవరించే అధికారం మీ శాఖకు ఉంది.

దీన్ని తప్పనిసరిగా కాగితం మీద ఎందుకు ఇవ్వమంటున్నానంటే, చాలామంది ప్రధానోపాధ్యాయులకు ఇవన్నీ ఇప్పటికే తెలుసు. కానీ బడికి ప్రహరీ కట్టించిన దాత ఫలానా పూజ జరగాలంటే, ఊరి పెద్దలు నలుగురు వెంట వస్తే, హెడ్మాస్టరు ఏమని కాదంటారు? పై నుంచి ఉత్తర్వు ఉందని చూపించగలిగితేనే ఆయన మర్యాద పోకుండా ఆ మాట అనగలరు. జూన్ 12న బడులు తెరిచేలోగా ఆ ఉత్తర్వు ప్రతి హెడ్మాస్టరు బల్ల మీదకూ చేరేలా చూడండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు