లారీ బరువుకు కూడా బిల్లు వేసిన సంగతి

మండీ యజమానులకు నమస్కారం. మొన్న సోమ, మంగళవారాల్లో మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొన్ని మండీల్లో తప్పుడు బిల్లులు ఇచ్చింది. టెన్షన్‌లో ఫోన్లో ఒక్కొక్కరికి ఒక్కో రకంగా చెప్పాను. అందుకే మొత్తం ఇక్కడ రాస్తున్నా.

ముందు పట్టుకున్నది దామలచెరువు మండీ యజమాని ఒకాయన. తోతాపురి లోడు, కాటా మీద 9,480 కేజీలు. ఖాళీ లారీ 4,120. కాయ 5,360 రావాలి. బిల్లు మాత్రం 9,480కి పడింది. "ఏమప్పా, లారీని కూడా నాకే అమ్మేసినారా?" అన్నారు.

కాటా కంప్యూటర్ నుంచి తూకం వివరాలు మనకు జేసన్ రూపంలో వస్తాయి. ఒక పేరు, పక్కన దాని విలువ, అంతే. మా జావా ప్రోగ్రాములోనూ అదే పేరుతో ఒక ఫీల్డ్ ఉంటుంది, ఖాతా పుస్తకంలో గడి అనుకోండి. జాక్సన్ అనే లైబ్రరీ (వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) పేరుకు పేరు చూసి విలువను అందులో వేస్తుంది. ఖాళీ బండి బరువుకు ఇన్నాళ్లూ 'టేర్‌వెయిట్' అని కలిపి రాసి పంపేవాళ్లు. ఆదివారం వాళ్ల సాఫ్ట్‌వేర్ మారి, రెండు మాటల మధ్య అండర్‌స్కోర్ (_ గీత) చేరింది. చదివే మనిషికి రెండూ ఒకటే, జాక్సన్‌కి మాత్రం రెండు వేర్వేరు పేర్లు.

మేం వాడే జాక్సన్ 2వ వెర్షన్ మామూలుగా తెలియని పేరు తగిలితే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. కానీ మా ప్రోగ్రాము నడిచే స్ప్రింగ్ బూట్ అనే జావా చట్రంలో ఆ కాపలా మొదటినుంచే తీసేసి ఉంటుంది. తెలిసే అలా వదిలేశాను. కాటా వాళ్లు ఏదో ఒక వివరం కొత్తగా చేర్చినప్పుడల్లా బిల్లు ఆగితే, సీజన్లో మీ చేత తిట్లు తినలేక. పైగా ఖాళీ బండి ఫీల్డ్‌ను చిన్న డి 'డబుల్'గా, అంటే ఎప్పుడూ ఏదో ఒక అంకె ఉండే రకంగా పెట్టాం. విలువ రాకపోతే అది సున్నాగా ఉండిపోతుంది. 9,480లోంచి సున్నా తీసేశాం.

పేరు మార్చినట్టు వాళ్లు చెప్పలేదు, నిజమే. కానీ సున్నా కేజీల లారీ ఉండదని నా ప్రోగ్రాముకు నేర్పనిది నేనే.

మా కుర్రాడు ఆ ఫీల్డ్ పైన జాక్సన్‌కి రాసే జేసన్‌ప్రాపర్టీ అనే గుర్తులో 'రిక్వైర్డ్' (తప్పనిసరి) అని రాసి పని అయిపోయిందన్నాడు. కన్‌స్ట్రక్టర్ (బిల్లు వివరాలను మొదట తయారుచేసే కోడ్) గుండా వచ్చే విలువలకే జాక్సన్ ఆ మాట వింటుంది. ఫీల్డ్ మీద రాస్తే పట్టించుకోదు. పేరు తీసేసి పరీక్షిస్తే మళ్లీ సున్నానే. ఇప్పుడు జేసన్‌ఎలియాస్ అనే మరో గుర్తుతో పాత పేరు, కొత్త పేరు రెండూ తీసుకునేలా చేశాం. ఫీల్డ్‌ను పెద్ద డి 'డబుల్'కి మార్చాం. విలువ రాకపోతే సున్నా కాకుండా 'నల్', అంటే ఖాళీ అని కనబడుతుంది, బిల్లు అక్కడే ఆగుతుంది.

తప్పిన బిల్లులు 14. పదమూడు డబ్బు చేతులు మారకముందే సరిచేశాం. ఒకటి బంగారుపాళ్యంలో రైతుకు కట్టేశారు. ఆయన్ను వెనక్కి అడగొద్దని చెప్పి, తేడా మేమే ఇచ్చాం.

కొత్త వెర్షన్ ఈ రాత్రి అందరికీ వస్తుంది. పొద్దున మొదటి బిల్లులో 'ఖాళీ బండి' అంకె కాటా చీటీతో ఒకసారి సరిచూడండి. తేడా ఉంటే బిల్లు పక్కన పెట్టి నాకు ఫోన్ చేయండి, 5 గంటలకే లేచి ఉంటాను.