గెలిచినా వెలి పడ్డ కాలేజీలు

ఎడిటర్ గారికి నమస్కారం.

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ మీద మీ క్రీడా పేజీలో వచ్చిన వ్యాసం ఇక్కడ స్పోకేన్‌లో కూర్చుని మీ ఈ-పేపర్లో చదివాను. (ఫుట్‌బాల్ అంటే మనం ఆడే సాకర్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని ఒకళ్లనొకళ్లు గుద్దుకునే ఆట.) ఏ యూనివర్సిటీ ఏ కాన్ఫరెన్సులోకి మారింది, ఎవరికి ఎన్ని కోట్లు ముట్టాయి అన్నది బాగానే రాశారు. మిగిలిపోయిన వాళ్ల గురించి మాత్రం ఒకే ఒక్క వాక్యం, అదీ పోటీలో వెనకబడిన చిన్న జట్లు అని. అక్కడ నాకు చిర్రెత్తుకొచ్చింది. నేను ఎంఎస్ చేసింది పుల్‌మన్ అనే ఊళ్లో, వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో, అది ఆ మిగిలిపోయిన వాటిల్లో ఒకటి, కాబట్టి పక్షపాతం ఉందనుకోండి, ఫరవాలేదు. కానీ వాళ్లు పోటీలో వెనకబడలేదండీ, వాళ్ల ఊళ్లో టీవీలు తక్కువ, అంతే.

తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. కాన్ఫరెన్సు అంటే ఏటా తమలో తాము ఆడుకునే కాలేజీల గుంపు. ఆ గుంపంతా కలిసి టీవీ చానెల్‌కి హక్కులు అమ్ముకుని, వచ్చిన డబ్బు పంచుకుంటుంది. 1984లో సుప్రీంకోర్టు టీవీ హక్కుల మీద ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ) గుత్తాధిపత్యం కుదరదని తీర్పు ఇచ్చింది, అప్పట్నుంచి ఎవరి బేరం వాళ్లదే అయిపోయింది. చానెల్ వాడికి కావాల్సింది జనం ఎక్కువున్న ఊళ్లు. మా పశ్చిమ అమెరికా వైపు పన్నెండు కాలేజీల కాన్ఫరెన్సు పేరు ప్యాక్-12. దాంట్లో లాస్ ఏంజిలెస్ యూనివర్సిటీలు రెండు, యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ. 2022 జూన్ 30న ఆ రెండూ ప్యాక్-12ని వదిలి బిగ్ టెన్ అనే ఇంకో కాన్ఫరెన్సులోకి పోతున్నామన్నాయి. ఆ వేసవిలోనే బిగ్ టెన్ ఏడేళ్లకు 700 కోట్ల డాలర్ల పైచిలుకు టీవీ ఒప్పందం కుదుర్చుకుంది. ఆ తర్వాత ఏడాది జులైలో కొలరాడో వెళ్లిపోయింది, ఆగస్టు 4న ఒక్కరోజులో అయిదు వెళ్లాయి (ఒరెగన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కి, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12కి), సెప్టెంబరు 1న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ రెండూ అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్సులో చేరాయి. పసిఫిక్ ఒడ్డునున్న కాలేజీలు అట్లాంటిక్ కాన్ఫరెన్సులో ఏం చేస్తాయని నన్నడక్కండి.

చివరికి పన్నెండులో రెండు మిగిలాయి, వాషింగ్టన్ స్టేట్, ఒరెగన్ స్టేట్. (పైన చెప్పిన వాషింగ్టన్, ఒరెగన్ వేరే యూనివర్సిటీలు.) 1915లో ఈ కాన్ఫరెన్సుకి మూలమైన గుంపును కట్టిన నాలుగింటిలో ఒరెగన్ స్టేట్ ఒకటి, మా స్కూలు (ఇక్కడ యూనివర్సిటీనీ స్కూలనే అంటారు) 1917లో వచ్చింది. వందేళ్లు దాటిన సంబంధం.

ఇక ఆట విషయానికొస్తే, ఆ సెప్టెంబరులోనే, అంటే 2023లో, ఈ రెండు జట్లూ పుల్‌మన్‌లో తలపడ్డాయి. ఆ వారం దేశంలో టాప్ 25 జట్ల లిస్టులో రెండూ ఉన్నాయి. వాషింగ్టన్ స్టేట్ 38-35తో గెలిచింది. ఆ పొద్దున ఈఎస్‌పీఎన్ చానెల్ వాళ్ల గేమ్‌డే షోలో వ్యాఖ్యాత లీ కోర్సో దీన్ని ఎవరికీ అక్కర్లేని వాళ్ల ఆట అనే అర్థం వచ్చేలా జోకేశాడు. ఇందులో తమాషా ఏంటంటే, ఆ షో ఏ ఊళ్లో జరిగినా వెనక గుంపులో వాషింగ్టన్ స్టేట్ జెండా ఒకటి ఊగుతూ కనిపిస్తుంది. 2003లో ఒకాయన పట్టుకెళ్లి ఎగరేశాడు, అప్పట్నుంచి అక్కడ చదువుకున్న వాళ్లు ఊరి నుంచి ఊరికి ఆ జెండాని పంపించుకుంటూ ఒక్క షో కూడా తప్పకుండా ఎగరేస్తున్నారు. ఇరవై ఏళ్లు ఉచితంగా టీవీలో కనబడ్డ స్కూలుకి టీవీ లెక్కల్లో విలువ లేదని తేల్చారు. మా వాళ్లకి కడుపు మండిందంటే మండదా మరి?

పుల్‌మన్ జనాభా ఎంతో అక్కడి స్టేడియంలో సీట్లూ దాదాపు అన్నే. చుట్టూ గోధుమ చేల గుట్టలు తప్ప ఏమీ ఉండవు. హోమ్ గేమ్ ఉందంటే శుక్రవారం మధ్యాహ్నానికే బండ్లు బారులు తీరతాయి, మోటెల్లో గది దొరకదు, దొరికినా రెండు రాత్రులకి తీసుకుంటేనే ఇస్తామంటారు, గది లేనివాళ్లు మాస్కోలోనో (ఇది ఐడహోలో ఉన్న మాస్కో) ఇంకాస్త దూరంలోనో పడుకుని పొద్దున్నే వస్తారు. ఆ ఊరి హోటళ్లకి, బార్లకి ఏడాది సంపాదనలో పెద్ద ముక్క ఆ ఆరేడు వారాంతాల్లోనే. ఎదుటి జట్టు యూఎస్‌సీ అయితే నిండే స్టేడియం ఎవరూ పేరు వినని జట్టు వస్తే నిండుతుందా? ఈ నష్టం ఏ టీవీ ఒప్పందం కాగితంలోనూ కనబడదు.

డబ్బు సంగతి చూడండి. ప్యాక్-12 నుంచి ఏటా ఒక్కో స్కూలుకి 3 కోట్ల డాలర్ల పైనే వచ్చేది. పక్కనున్న మౌంటెన్ వెస్ట్ కాన్ఫరెన్సులో స్కూళ్లకి వచ్చేది దాంట్లో నాలుగో వంతు కూడా కాదు. 2024లో ఆడటానికి జట్లు లేక, ఆ మౌంటెన్ వెస్ట్‌కే 1.4 కోట్ల డాలర్లు ఇచ్చి తమతో ఆడించుకున్నారు మా వాళ్లు. 2025లో ఇంకా విడ్డూరం, వాషింగ్టన్ స్టేట్, ఒరెగన్ స్టేట్ ఒకే నెలలో ఒకదాంతో ఒకటి రెండుసార్లు ఆడాయి. నవంబరు 1న ఒరెగన్ స్టేట్ ఉన్న కోర్వాలిస్‌లో, నవంబరు 29న పుల్‌మన్‌లో. తలా ఒకటి గెలిచారు.

డబ్బు పోతే మనుషులు పోతారు. ఒరెగన్ స్టేట్ కోచ్ జొనాథన్ స్మిత్ అక్కడే చదివి అక్కడే క్వార్టర్‌బ్యాక్‌గా (బంతి విసిరి జట్టుని నడిపే ఆటగాడు) ఆడినవాడు, 2023 నవంబరులో మిషిగన్ స్టేట్‌కి వెళ్లిపోయాడు. మా క్వార్టర్‌బ్యాక్ క్యామ్ వార్డ్ మయామీ వెళ్లాడు, 2025లో ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్లని ఎంచుకునే తంతు) మొట్టమొదటి పేరు అతనిదే. 2024 సెప్టెంబరులో యాపిల్ కప్‌లో (మాకూ వాషింగ్టన్ యూనివర్సిటీకీ జరిగే పోటీ) వాషింగ్టన్‌ని 24-19తో ఓడించినప్పుడు మా క్వార్టర్‌బ్యాక్ జాన్ మేటీర్, ఆ డిసెంబరు దాటేలోపు అతను ఓక్లహోమా మనిషి, కోచ్ డికర్ట్ వేక్ ఫారెస్ట్ మనిషి. మమ్మల్ని వదిలి వెళ్లిన వాళ్లని మైదానంలో ఓడించాం, ఆ సీజనే మా జట్టు విడిపోయింది.

ఫుట్‌బాల్ వాళ్లకి కనీసం ఇంకో స్కూలు దొరుకుతుంది. మిగతా ఆటల పిల్లల గతి చూడండి. 2025 జూన్‌లో వాషింగ్టన్ స్టేట్ ట్రాక్ టీములో జావెలిన్, షాట్‌పుట్, హైజంప్ లాంటి ఫీల్డ్ ఈవెంట్లన్నీ ఎత్తేసింది, స్ప్రింట్లు, హర్డిల్సు కత్తిరించింది, ఇక దూరపు పరుగుల మీదే దృష్టి అంది. 1978లో కెన్యా పరుగు వీరుడు హెన్రీ రోనో 81 రోజుల్లో నాలుగు ప్రపంచ రికార్డులు కొట్టిన స్కూలది. జావెలిన్ విసిరే పిల్లకి లాస్ ఏంజిలెస్ టీవీ మార్కెట్‌తో ఏం సంబంధమో నాకైతే అర్థం కాదు. ఒరెగన్ స్టేట్ బేస్‌బాల్ జట్టు మూడుసార్లు జాతీయ ఛాంపియన్, 2025లో ఏ కాన్ఫరెన్సూ లేకుండా ఒంటరిగా దేశం మీద తిరిగి ఆడింది. అలా తిరిగే ఒమాహాలో కాలేజ్ వరల్డ్ సిరీస్ (జాతీయ పోటీల్లో చివరి ఘట్టం) దాకా వెళ్లింది! వీళ్లనండీ వెనకబడిన జట్లు అన్నది.

మన పాఠకులకి ఆసక్తి కలిగించే సంగతి ఇంకోటి. ఒరెగన్ స్టేట్ ప్రెసిడెంట్ జయతి మూర్తి మన దేశంలో పుట్టి ఐఐటీ కాన్పూర్‌లో చదివినావిడ. 2022 సెప్టెంబరులో ఆ కుర్చీలో కూర్చునే ముందు ఆవిడ ఎక్కడ పనిచేశారో తెలుసా, యూసీఎల్‌ఏలో ఇంజినీరింగ్ డీన్‌గా! ఆ యూసీఎల్‌ఏ తలుపు తీసుకుని ముందు బయటికి పోతే, వెనక మిగిలిన ఇల్లు ఆవిడ చేతికొచ్చింది.

ఇల్లంటే గుర్తొచ్చింది. ఉమ్మడి కుటుంబంలోంచి పదిమంది వేరుపడి వెళ్లిపోతూ, ఆస్తి లెక్క మాత్రం మేం చెప్పినట్టే జరగాలంటే ఎలా ఉంటుంది? ఇక్కడా అదే జరిగింది. వెళ్లే పది స్కూళ్లూ బోర్డులో ఓటు మాకూ ఉందన్నాయి. మిగిలిన రెండూ పుల్‌మన్ ఉన్న విట్‌మన్ కౌంటీ కోర్టుకెక్కాయి. 2023 నవంబరులో జడ్జి ఈ రెండింటి వైపే ఆర్డరు ఇచ్చారు, రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా అడ్డుపడలేదు. చివరికి రాజీ కుదిరి, వెళ్లేవాళ్లు తమ వాటాల్లోంచి 6.5 కోట్ల డాలర్లు వదులుకున్నారు.

అలాగని మా వాళ్లు దేవుళ్లేం కాదు. 2024 సెప్టెంబరులో, ఏ మౌంటెన్ వెస్ట్ దయతో ఆ సీజన్ గడిచిందో దాంట్లోంచే బోయిసీ స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్ డియేగో స్టేట్, కొలరాడో స్టేట్‌లను లాగేశారు, తర్వాత యూటా స్టేట్‌ని కూడా. జట్లు లాక్కుంటే ఇంత కట్టాలని ఒప్పందంలో సంతకం పెట్టి, ఆ షరతు చెల్లదని కోర్టుకెళ్లారు. అప్పుడు వయోమింగ్, నెవాడా, న్యూ మెక్సికో వాళ్ల ముఖాలు 2023 ఆగస్టులో మా ముఖాల్లాగే ఉండుంటాయి. తర్వాత ప్యాక్-12 సన్ బెల్ట్ కాన్ఫరెన్సు నుంచి టెక్సస్ స్టేట్‌ని తీసుకుంది, సన్ బెల్ట్ ఆ ఖాళీలోకి కాన్ఫరెన్స్ యూఎస్‌ఏ నుంచి లూయిజియానా టెక్‌ని తెచ్చుకుంది. ఒకళ్లు పోతే ఖాళీ కింది మెట్టు మీదికి జరుగుతుంది, అంతేగాని పూడదు.

కష్టపడితే మళ్లీ పైకి రావచ్చుగా అంటారు కొందరు. 1996లో సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్సు చెదిరినప్పుడు టెక్సస్‌లో నాలుగు యూనివర్సిటీలు మిగిలాయి, టీసీయూ, హ్యూస్టన్, ఎస్‌ఎంయూ, రైస్. టీసీయూ పెద్ద కాన్ఫరెన్సులోకి రావడానికి 2012 దాకా పట్టింది, హ్యూస్టన్‌కి 2023, ఎస్‌ఎంయూకి 2024. ఎస్‌ఎంయూ అయితే తొమ్మిదేళ్లు టీవీ డబ్బు మాకొద్దని రాసిచ్చి మరీ చేరింది, డల్లాస్‌లో డబ్బున్న పూర్వ విద్యార్థులున్నారు గనక చెల్లింది. రైస్ ఇప్పటికీ బయటే. కోర్వాలిస్‌కి డల్లాస్ ఎక్కణ్ణుంచి తేవాలి?

ఇక నేను అడిగేది ఒకటే. కాలిఫోర్నియాలో యూసీఎల్‌ఏ, బర్క్‌లీ రెండూ ఒకే ప్రభుత్వ యూనివర్సిటీ వ్యవస్థలోవి. యూసీఎల్‌ఏ వెళ్లడం వల్ల బర్క్‌లీకి నష్టమని చెప్పి, ఏటా కోటి డాలర్లు మూడేళ్లపాటు కట్టమని రీజెంట్లు (ఆ వ్యవస్థ పాలకమండలి సభ్యులు) యూసీఎల్‌ఏకి చెప్పారు. వాషింగ్టన్, వాషింగ్టన్ స్టేట్ రెండింటికీ డబ్బిచ్చే శాసనసభ ఒక్కటే, ఒరెగన్‌లోనూ అంతే. మరి ఈ రెండు రాష్ట్రాల్లో ఆ మాట ఎవరూ ఎందుకు గట్టిగా అనలేదు? వెళ్లిన వాషింగ్టన్, ఒరెగన్ వాళ్లు 'మాకూ బిగ్ టెన్‌లో పూర్తి వాటా రావట్లేదు, ఇంచుమించు సగమే ఇస్తున్నారు' అంటారు. నిజమే, ఇప్పుడు ఇవ్వక్కర్లేదు. పూర్తి వాటా చేతికొచ్చే ఏడాది నుంచి ఇంత శాతం అని ఇప్పుడే కాగితం రాసి పెట్టమనండి.

మీ పాఠకుడు,
స్పోకేన్, వాషింగ్టన్ రాష్ట్రం