బీడు దున్నే ముందు ఒకసారి ఇది చదువు

శీనూ,

ఎట్లున్నావురా? చెల్లె, పిల్లలు బాగున్నారా? ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. మొన్న సాయంత్రం గాలివాన పడ్డాక కాస్త ప్రాణం లేచొచ్చింది.

ఫోన్‌లో నువ్వు అడిగింది రెండు మాటల్లో తేలేది కాదు, అందుకే రాస్తున్నా. గుట్ట పక్కన మీ బాపు వదిలేసిన బీడును జేసీబీతో చదును చేయించి పత్తి పెడదామంటున్నావు. దాని కింది మొరం (చివికిన రాయి) కోసం ఎవరో అడిగితే అదీ ఇచ్చేద్దామా అన్నావు. నా మాట ముందే చెప్తున్నా: రెండూ వద్దు. ఎందుకో నిదానంగా చదువు.

నువ్వు ఆదిలాబాద్‌లో రోజూ నల్లరేగడిని చూస్తున్నావు. ఆ పత్తి చూసి మన దగ్గర కూడా అట్లనే వస్తుందని ఆశపడటం సహజమే. కానీ ఆ మట్టి పుట్టుక వేరు, మన చెల్క (ఎర్ర ఇసుక నేల) పుట్టుక వేరు. అక్కడి రేగడి చాలావరకు సుమారు 6.6 కోట్ల ఏళ్ల కింద పారిన లావా గట్టిపడి, ఆ నల్లరాయి చివికి తయారైంది. అందులో బంకమన్ను ఎక్కువ. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది, నీళ్లను పట్టుకుని కూర్చుంటుంది. మన వరంగల్ కింద ఉన్న గ్రానైట్ బండ దానికంటే ఎంతో పాతది, దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది. ఈ రాయిలో ప్రధానంగా పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం, నల్ల అభ్రకం ఉంటాయి. వాననీళ్లు, ఎండ తగిలి ఫెల్డ్‌స్పార్ మెత్తబడి బంకమన్ను అవుతుంది. అభ్రకంలోని ఇనుము తుప్పు పట్టి మట్టికి ఎరుపు ఇస్తుంది. పలుగు మాత్రం దేనికీ లొంగదు, ఇసుకై అట్లనే మిగిలిపోతుంది. అందుకే మన చెల్కలో ఇసుక ఎక్కువ, బంక తక్కువ. ఉన్న ఆ కాస్త బంక కూడా రేగడి బంకలా ఉబ్బే రకం కాదు. ఎరువుల సత్తువనూ అంత గట్టిగా పట్టుకోలేదు.

ఇదంతా కళ్లతో చూడాలంటే మీ బీడు అంచున ఎవరో మొరం కోసం తవ్విపెట్టిన గుంత దగ్గరికి పోవాలి. వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే దిగి చూశాను. గోడ తడిగా ఉండటంతో పొరలు విడివిడిగా కనిపించాయి. పైన జానెడు మందం గోధుమ రంగు మట్టి. గడ్డి వేర్లు దారాల్లా అల్లుకుని, చేత్తో లాగినా పెళ్లలుగా ఊడి వస్తుంది తప్ప పొడిగా రాలదు. దాని కింద మూరెడు లోతు ఎర్రమట్టి. పైదానికంటే బంకగా ఉంది, వేళ్లకు అంటుకుంటుంది, మధ్యలో తెల్లటి పలుగురాళ్లు. పైనుంచి వాననీటితో దిగిన సన్నటి బంక వేల ఏళ్లుగా ఆ పొరలో చేరుతూ వచ్చింది. ఇంకా కింద మొరం. చూడటానికి అచ్చం గ్రానైటే: అవే పలుకులు, అవే చుక్కలు. కానీ పిడికిట్లో పట్టి నొక్కితే పొడైపోతుంది. తెల్లటి పలుకుల్ని గోటితో గీకితే సుద్దలా రాలాయి. అడుగున గడ్డపార దెబ్బకు టంగుమని మోగే బండ.

ఆ మొరాన్ని నువ్వు చెత్త కింద లెక్కేస్తున్నావు కదా, మన ఊరి పాత బావులన్నీ దాన్ని నమ్ముకునే బతికాయి. చివికిన రాయి సందుల్లో వాననీరు దాగి, చలికాలం దాకా బావిలోకి ఊరుతుంది. అది తవ్వి లారీలకు ఎత్తేస్తే నీళ్లు నిలిచే చోటే పోతుంది. తిరిగి రాయి చివికి అంత మందం కావాలంటే మన మునిమనవళ్ల కాలానికి కూడా కాదు.

ఇక పైనున్న గడ్డి సంగతి. నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. చెల్కలో గడ్డి పెరగడం వేరు, గడ్డి వల్లే ఆ పైమట్టి నిలబడటం వేరు. గరిక, బోద లాంటి గడ్డి వేర్లు సన్నగా, లెక్కలేనన్ని ఉంటాయి. అందులో కొన్ని ఎప్పటికప్పుడు చచ్చి మట్టిలోనే కుళ్లుతుంటాయి. ఆ కుళ్లిన సత్తువే ఇసుక రేణువుల్ని ఒకదానికొకటి అంటిస్తుంది. చెదలు కింది బంకను పైకి మోసుకొచ్చి పుట్టలు పెడతాయి. తొలకరి పడగానే ఎర్రటి ఆరుద్ర పురుగులు బయటికొచ్చేది కూడా ఇట్లాంటి కదపని మట్టిలోంచే. చిన్నప్పుడు అరచేతుల్లో పెట్టుకుని తిరిగేవాళ్లం, గుర్తుందా? ఇప్పటికీ ఆ బీడులో కనిపిస్తాయి, పక్క చేన్లల్లో కనబడటం లేదు.

అరక పెట్టి గడ్డి తీసేస్తే ఏమవుతుందో పక్క చెల్కలో చూడొచ్చు. మొదటి రెండు మూడు పంటలు బాగానే వచ్చాయి, ఎందుకంటే గడ్డి కూడబెట్టిన సత్తువ అంతా ఒక్కసారి విడుదలైంది. తర్వాత అది గాలికి, ఎండకు ఆరిపోయింది. మట్టి పరీక్షలో సేంద్రియ కర్బనం (గడ్డి, వేర్లు కుళ్లి మట్టిలో చేరే సత్తువ) 0.5 శాతానికి తగ్గితే తక్కువ కింద లెక్క. మన చెల్కలు చాలావరకు ఆ వరుసలోనే ఉంటాయి. కప్పు లేని చెల్క మీద పెద్ద వాన కొడితే చినుకు దెబ్బకు పైమట్టి చెదిరి, ఎండగానే అట్ట కడుతుంది. మొలక దాన్ని చీల్చుకుని రాలేదు. నీళ్లు లోపలికి దిగక పైపైనే ఉరికి, మట్టిని ఒర్రెలో కలిపేస్తాయి. మొన్నటి వానకు ఆ చెల్కలోంచి ఎర్రటి నీళ్లు పారాయి. మీ బీడులోంచి వచ్చినవి దాదాపు తేటగా ఉన్నాయి. రెండూ ఒకే వాలు, ఒకే వాన.

ఈ మట్టిలో పంటే పండదని అనడం లేదు. మందం ఉన్న చోట పెసర, కంది, పల్లికాయ, ఆముదం చక్కగా వస్తాయి. అందుకే పల్లంలోని మీ చెల్కను వదలొద్దంటాను. దానికి చెరువు మట్టి తోలిస్తే బాగుంటుంది. ఎన్నో ఏళ్లుగా మన చెల్కల నుంచి కొట్టుకుపోయిన సన్నమట్టే కదా చెరువులో పూడికైంది! మిషన్ కాకతీయ అప్పుడు తోలుకున్నవాళ్ల చేన్లల్లో పదును ఎక్కువ రోజులు నిలుస్తోంది. గుట్ట పక్క బీడు సంగతి వేరు. అక్కడ మట్టి మందమే తక్కువ. పదిహేను రోజులు వాన మొహం చాటేస్తే పత్తి వాడిపోతుంది, అప్పు మిగులుతుంది.

బీడుగా ఉంచితే నష్టమని నువ్వనుకుంటున్నావు. గొర్లు, బర్లు మేసేది అక్కడే. బతుకమ్మకు ఊరి ఆడోళ్లు తంగేడు తెచ్చేది అక్కడి నుంచే. మేత హక్కుకు ఏడాదికింత అని మాట్లాడుకుంటే నీకూ నాలుగు పైసలొస్తాయి. కాకపోతే తొలకరి పడ్డాక కొన్నాళ్లు మందలు రాకుండా చూసుకోవాలి. అప్పుడే గడ్డి వేరు పట్టి గింజ వేస్తుంది. ఎడతెగకుండా మేపితే బీడు కూడా బోడిగుండై, దున్నిన చెల్క లాగే కోసుకుపోతుంది.

గొర్ల పెద్దమనిషితో నేను మాట్లాడాను. బతుకమ్మ పండుగ దాకా మంద అటు తోలనని ఒప్పుకున్నాడు. ఒర్రె మొదట్లో మట్టి కోసుకుపోతున్న చోట గుట్ట మీది రాళ్లే పేర్చి అడ్డుకట్టలు వేద్దాం, ఖర్చేమీ లేదు, ఇద్దరం రెండు పూటలు కష్టపడితే చాలు. మృగశిర లోపు ఒక ఆదివారం చూసుకుని రా. అంతవరకు మొరం అడిగినాయనకు మాటివ్వకు, బయానా అసలే తీసుకోకు. వచ్చేటప్పుడు పట్టా కాగితం జిరాక్స్ తీసుకురా, ఆ గుంత మీ హద్దు లోపలికి ఎంత వచ్చిందో కొలిపిద్దాం.

నీ
రాజు