మిద్దె తోటల పేజీ ఏప్రిల్లో కాదు, ఆషాఢంలో వెయ్యండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

మొన్న ఆదివారం మీ పేపర్లో మిద్దె తోటల మీద ఫుల్ పేజీ వేశారు, ఎర్రగా టమాటాలు, పందిరి నిండా చిక్కుడుకాయలు, పక్కన నవ్వుతా నిలబడ్డ భార్యాభర్తలు, చూడటానికి ముచ్చటగానే ఉంది. కానీ ఆ ఫొటోలు చలికాలంలో తీసినవి అండి, పేజీ వేసింది మాత్రం ఏప్రిల్లో. అది చూసి మా వీధిలోనే రెండిళ్ల వాళ్లు సోమవారం పొద్దున్నే నర్సరీకి పరిగెత్తి టమాటా నారు, చిక్కుడు గింజలు, గ్రో బ్యాగులు తెచ్చేసుకున్నారు. మాది గుంటూరు. ఇక్కడ ఇప్పుడు మధ్యాహ్నం మిద్దె మీద చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేం, ఇంకా రోహిణి కార్తె ముందుంది, రోళ్లు పగిలే ఎండల్లో ఆ టమాటా నారు ఏం కాస్తది చెప్పండి.

ఇంత కచ్చితంగా ఎందుకు చెప్తున్నానంటే నాలుగేళ్ల కింద నేనూ ఇలాంటి పేజీ చూసే వేసవిలో మొదలుపెట్టాను. గ్రీన్ నెట్ కట్టి రెండు పూటలా నీళ్లు పోసి టమాటాని బతికించా, పూత కూడా వచ్చింది, ఇంక కాయలే అనుకున్నా. రోజూ పొద్దున్నే వెళ్లి చూస్తే పూలన్నీ తొడిమలతో సహా కుండీ చుట్టూ రాలి ఉండేవి, మొక్క చూస్తే పచ్చగా బానే ఉంది. తెగులేమో అని వేపనూనె కొట్టా, బలం చాల్లేదేమో అని ఇంకో గుప్పెడు ఎరువు వేశా, నర్సరీలో అడిగితే ఇంకో సీసా అమ్మారు తప్ప అసలు విషయం ఎవరూ చెప్పలేదు. పగలు 35 డిగ్రీలు దాటి రాత్రి కూడా చల్లబడకపోతే టమాటా పూలలో పుప్పొడి పాడైపోతుంది, కాయ కట్టదు, పూత రాలిపోద్ది, అంతే. అదే టమాటాకి వానలు తగ్గుముఖం పట్టాక సెప్టెంబర్, అక్టోబర్లో నారు పోస్తే సంక్రాంతి టైమ్‌కి మా ఇంట్లో పప్పులోకి, పచ్చట్లోకి కొనే పని లేదు.

చిక్కుడుతో అయితే ఇంకా పరువు పోయింది. మాఘంలో గింజ పెట్టా, తీగ వాటర్ ట్యాంక్ పైదాకా ఎక్కింది, ఆకులు అరచేతులంత, పూత మాత్రం ఒక్కటంటే ఒక్కటి లేదు. మా అత్తయ్య మెట్లెక్కి వచ్చి చూసి "ఆషాఢంలో పెట్టాల్సింది మాఘంలో పెట్టి పూత రాలేదంటే ఎట్లాగే" అన్నారు. ఈవిడవన్నీ పాతకాలం లెక్కలు అని మనసులో అనుకున్నా (ఆవిడ ఈ పేపర్ చదువుతారు, చదవనివ్వండి). తర్వాత తెలిసింది, మన నాటు పందిరి చిక్కుడుకి పగటి పొద్దు తగ్గితేనే పూత వస్తదంట, ఎండాకాలంలో పొద్దు పెరుగుతుంది కాబట్టి ఎంత ఎరువేసినా తీగే పెరుగుద్ది. ఆషాఢంలో పెడితే కార్తీకం నుంచి పూత పట్టి, రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం కట్టడానికి, ఆకుల్లో పాయసం పెట్టడానికి ఇంట్లోవే సరిపోతాయి. పండగ అక్కడ, కాపు ఇక్కడ అని కాకుండా రెండూ ఊరికే కలవలేదు కదా. పొద్దుతో పనిలేని పొట్టి రకాలు కూడా ఉన్నాయి, బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్లు ఇచ్చిన అర్క జయ్, అర్క విజయ్ అలాంటివే, కుండీకి కూడా బాగుంటాయి. కానీ నేను కొన్న ప్యాకెట్ మీద రకం పేరే లేదు, "అన్ని సీజన్లకు" అని మాత్రం పెద్దక్షరాలతో ఉంది!

సొరకాయ సంగతి కూడా మీ పేజీలో లేదు. సొర పువ్వు సాయంత్రం పొద్దుగూకే వేళకి విచ్చుకుంటది, ఆ టైమ్‌కి తేనెటీగలు గూటికి పోతాయి, పైగా మూడో అంతస్తుకి వచ్చేవే తక్కువ. అందుకని శ్రావణం వచ్చిందంటే నేను ఆరున్నరకి టీవీ వదిలేసి పైకెక్కాలి. కింద బొటనవేలంత పిందె ఉన్నది ఆడపువ్వు, ఉత్త కాడ ఉన్నది మగపువ్వు, మగపువ్వు కోసి రెక్కలు తుంచి మధ్యలో పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దాలి. మూడో రోజుకి పిందె నూగుతో నిగనిగలాడుతూ సాగితే పట్టినట్టు, పసుపుపచ్చగా మారి కొస కుళ్లితే లేనట్టు. మా ఆయన "పెళ్లిళ్లు చేస్తోంది" అని నవ్వుతారు గానీ పులుసులో ముక్కలు ఎక్కువ వేసుకునేది ఆయనే.

ఇంకొకటి, ఇది సీజన్ విషయం కాదు గానీ చెప్పకుండా ఉండలేను. ఫొటోలో పిట్టగోడ పొడుగునా ఇటుకలతో మడి కట్టి ఉంది. అడుగు మందాన తడి మట్టి అంటే చదరపు మీటరుకి ఇంచుమించు 500 కేజీలు, మామూలు ఇళ్ల శ్లాబుకి పైన మనుషులు తిరిగేదానికి లెక్కేసేది 150 కేజీలే. మాకు తెలిసిన వాళ్లు ఇలాగే కట్టి, రెండో వానాకాలానికి కింద బెడ్‌రూమ్ సీలింగ్ చెమ్మెక్కి మట్టంతా మళ్లీ తట్టల్తో దింపారు. ఇంజనీర్‌ని అడిగి కట్టండి అని ఒక్క లైన్ వేస్తే మీకు పోయేదేముంది.

నేను అడిగేది చిన్నదే. ఏప్రిల్లో వెయ్యాలంటే ఎండకి తట్టుకునే తోటకూర, గోంగూర, బచ్చలి గురించి వెయ్యండి, కొత్తవాళ్లు వాటితో మొదలుపెడతారు, తోటకూరైతే నెల తిరక్కుండానే కూర వండుకుంటారు. చిక్కుడు, సొర, బీర పేజీ మృగశిర దాటి నాలుగు చినుకులు పడ్డాక ఆషాఢంలో, టమాటా పేజీ దసరాకి ముందు. ఫొటో కింద ఏ నెలలో పెట్టారు, ఏ నెలలో కోశారు అని రెండు ముక్కలు ఉంటే చాలు. మా వీధిలో ఆ రెండిళ్ల వాళ్లకి మాత్రం గింజలు డబ్బాలో దాచమని చెప్పి వచ్చాను, చిక్కుడు వరకు విన్నారు, టమాటా నారు మాత్రం అప్పటికే నాటేశారు.

ఇట్లు,
మీ పాఠకురాలు, గుంటూరు